నవ్వించే ఫంక్ ర్యాప్: పార్టీకి ఏ ఆల్బం పెట్టాలి?

పార్టీలో పెట్టడానికి ర్యాప్ ఆల్బం ఎంచుకోవడంలో మనకో చిక్కుంది. అమెరికా వీధి యాసలో, ఊపిరి తీసుకోకుండా చెప్పే జోకుల్లో సగం మనకి అందవు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేస్తున్నా సరే, 1989లో ఒక ఓక్లాండ్ కుర్రాడు పక్కవాణ్ణి ఏమని ఆటపట్టించాడో వినగానే పట్టుకోవడం కష్టం. లిరిక్స్ ముందు పెట్టుకుని వింటే తెలుస్తుంది. కానీ పార్టీలో ఫోన్ తీసి లిరిక్స్ చదువుకునేవాడు అక్కడున్నా ఒకటే, ఇంట్లో ఉన్నా ఒకటే.

అందుకే ఈ రకం ఆల్బంలకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మాటలు తెలియకపోయినా నవ్వొస్తోందా? హాస్యం గొంతులో, బేస్‌లో (అంటే కింది స్వరాల్లో), బీట్ పడే తీరులో ఉంటే వస్తుంది. మాటల్లోనే ఉండిపోతే రాదు. అమెరికన్ విమర్శకులకి ఈ పరీక్షతో పనిలేదు, వాళ్ళ లెక్కలు వేరు. వాళ్ళ జాబితాల్లో పైనున్న ఆల్బం మన హాల్లో చప్పగా తేలిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

బరిలో ఉన్నవి ముఖ్యంగా నాలుగు. డిజిటల్ అండర్‌గ్రౌండ్ వాళ్ళ ‘సెక్స్ ప్యాకెట్స్’ (1990), డి లా సోల్ వాళ్ళ ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’ (1989), బీస్టీ బాయ్స్ ‘పాల్స్ బొటీక్’ (1989), ద ఫార్‌సైడ్ వాళ్ళ ‘బిజార్ రైడ్ టు ద ఫార్‌సైడ్’ (1992). ఆల్బం మొత్తంగా కాకపోయినా ఒక్క పాట కోసం దగ్గర పెట్టుకోవాల్సినవి ఇంకో మూడున్నాయి. డాన్స్ జరగాల్సిన పార్టీ అయితే నా ఓటు మొదటిదానికే. పేరు చూసి కంగారు పడకండి. అలాగని పిల్లల ముందు కళ్ళు మూసుకుని పెట్టేయకండి కూడా. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఫంక్ లేకపోతే ఈ నవ్వు లేదు

ఈ ఆల్బంల వెనకున్న ఫంక్ అనే సంగీతం గురించి కాస్త తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1960ల మధ్యలో అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ ఒక పని చేసింది. తాళంలోని నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బ మీద బరువంతా వేసింది. గిటారు, బాకాలు, డ్రమ్స్ తలో చిన్న ముక్క పట్టుకుని ఆ మొదటి దెబ్బ చుట్టూ తిరుగుతాయి. రాగం వెనక్కి తగ్గి, లయే పాటవుతుంది. 1970లో బ్రౌన్ దగ్గర బేస్ గిటారు వాయించిన బూట్సీ కాలిన్స్ తర్వాత జార్జ్ క్లింటన్ దగ్గరికి చేరాడు. క్లింటన్‌కి పార్లమెంట్, ఫంకడెలిక్ అని రెండు బ్యాండ్లు. వాయించేవాళ్ళు ఇంచుమించు వాళ్ళే. అంతా కలిపి పీ-ఫంక్ అంటారు.

క్లింటన్ ఆ లయకి వేషాలు కట్టాడు. స్టేజీ మీదకి అంతరిక్ష నౌక దిగేది. అందులోంచి డాక్టర్ ఫంకెన్‌స్టైన్ అనే పాత్ర బయటికి వచ్చేది. ఆ నౌక తర్వాతి కాలపు రూపం ఇప్పుడు వాషింగ్టన్‌లో, స్మిత్సోనియన్ వాళ్ళ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. వర్జీనియా, మేరీల్యాండ్ వైపు ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి వైట్‌హౌస్ చూపించి వెనక్కి తిరిగేస్తారు గానీ, అది కూడా చూడదగ్గదే.

మన కథకి ముఖ్యమైన పాత్ర ఇంకొకటుంది. 1977 నాటి పార్లమెంట్ ఆల్బంలో సర్ నోస్ అని ఒకడొస్తాడు. పెద్ద ముక్కు, అంతకంటే పెద్ద పోజు. చచ్చినా డాన్స్ చెయ్యనని భీష్మించుకుంటాడు. చివరికి ‘ఫ్లాష్ లైట్’ అనే పాట వెలుగు మీద పడేసరికి వాడి కాళ్ళు కూడా కదులుతాయి. ఆ పాటలో కింది స్వరం బేస్ గిటారు కాదు, బెర్నీ వొరెల్ సింథసైజర్ మీద వాయించింది. లావుగా, జిగటగా, వంకర్లు తిరుగుతూ వస్తుంది. ఒక్క మాట వినిపించకముందే నవ్వు పుట్టించే శబ్దం అది. ర్యాప్‌లోకి వచ్చిన ఫంక్ హాస్యంలో చాలా భాగం ఆ శబ్దం సంతానమే.

తీన్మార్‌కి అలవాటైన కాళ్ళకి ఫంక్ మొదట మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. ఇక్కడ ఊపు వేగంలో ఉండదు, మొదటి దెబ్బకీ మొదటి దెబ్బకీ మధ్య వదిలిన ఖాళీలో ఉంటుంది. ఈ విషయం తెలియక చాలామంది తొలి పాట సగంలోనే మార్చేస్తారు.

డిజిటల్ అండర్‌గ్రౌండ్: ముక్కు పెట్టుకున్న మనిషి

ఈ బృందానిది కాలిఫోర్నియాలోని ఓక్లాండ్. ఫ్రీమాంట్‌లో ఉండే మనవాళ్ళు బార్ట్ రైలెక్కితే చేరే ఊరే. దాన్ని నడిపించినవాడు గ్రెగరీ జేకబ్స్, అందరికీ తెలిసిన పేరు షాక్ జీ. బ్రూక్లిన్‌లో పుట్టాడు, పియానో వాయిస్తాడు, బొమ్మలు వేస్తాడు, పాటలు కడతాడు. ఇవన్నీ చాలవన్నట్టు తనకే ఒక రెండో మనిషిని పుట్టించుకున్నాడు. వాడే హంప్టీ హంప్. పాత హాలీవుడ్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ తరహా కళ్ళద్దాలు, వాటికి అతికించిన పెద్ద ముక్కు, పైన బొచ్చు టోపీ, గళ్ళ కోటు. గొంతు కూడా మారిపోతుంది. ముక్కుతో సాగదీస్తూ, పెళ్ళిలో ఎక్కువ తాగేసిన మేనమామ ధోరణిలో మాట్లాడతాడు.

వాడికి ఒక పూర్వకథ కూడా కట్టారు. ఒకప్పుడు సొంత బ్యాండ్‌తో పాడుకునేవాడట, వంటింట్లో నూనె కాగే మూకుడు దగ్గర ప్రమాదం జరిగి ముక్కు కాలిపోయిందట, అప్పటి నుంచీ ఈ ముక్కట. జనం నిజంగానే ఇద్దరు మనుషులనుకున్నారు. ఇద్దరూ ఒకేసారి కనబడాల్సిన చోట ఇంకొకరికి ముక్కు తగిలించి నిలబెట్టి ఆ నాటకాన్ని సాగదీశారు కూడా.

‘ద హంప్టీ డాన్స్’ మొదలైన పది సెకన్లలో నా పరీక్ష పాసైపోతుంది. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ వాళ్ళ పాట నుంచి తీసుకున్న డ్రమ్స్, పార్లమెంట్ పాట నుంచి ఒక ముక్క, వాటి కింద గది గోడల్ని కదిలించే సింథ్ బేస్. వాటి పైన ఆ ముక్కు గొంతు. వాడు చెప్పేదాని సారం ఇంతే: చూడ్డానికి నేను వింతగా ఉంటాను, బట్టలు వింతగా ఉంటాయి, అయినా మీ అందరికంటే నాకే డిమాండ్ ఎక్కువ. ఈ ముక్క ఇంగ్లీషు రాని అమ్మమ్మకి కూడా గొంతు వింటేనే తెలిసిపోతుంది. 1990లో ఈ పాట అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే హాట్ 100 పాటల జాబితాలో 11వ స్థానం దాకా వెళ్ళింది. ర్యాప్ పాటల జాబితాలో మొదటిదైంది. అక్కడి డ్రమ్స్‌ని తర్వాత ఎంతమంది ర్యాపర్లు వాడుకున్నారో లెక్కే లేదు.

అదే ఓక్లాండ్ నుంచి, అదే 1990లో ఎం.సి. హ్యామర్ ఆల్బం వచ్చింది. ‘యూ కాంట్ టచ్ దిస్’ వినని మనిషి మన తరంలో ఉండడు. రిక్ జేమ్స్ ‘సూపర్ ఫ్రీక్’ బేస్‌ని అలాగే ఎత్తి వాడుకున్న పాట. ఆ ఆల్బం 21 వారాలు బిల్‌బోర్డ్ ఆల్బంల జాబితాలో మొదటి స్థానంలో కూర్చుంది, అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. డిజిటల్ అండర్‌గ్రౌండ్ ఆ లెక్కలకి దరిదాపుల్లో కూడా లేదు. అయినా పార్టీకి హంప్టీయే మేలంటాను. హ్యామర్ డాన్స్ చూసే డాన్స్. ఆ కాళ్ళ వేగం మనకి రాదు, సంగీత్‌లో నెల రోజులు ప్రాక్టీసు చేసిన కజిన్ ఒక్కడే చేస్తాడు, మిగతావాళ్ళం వీడియో తీస్తాం. హంప్టీ డాన్స్‌కి రావడం, రాకపోవడం అంటూ ఏమీ లేదు. కుంటుతున్నట్టు, తూలుతున్నట్టు ఎలా ఊగినా అదే డాన్స్. బాగా చెయ్యకపోవడమే అందులో పద్ధతి. సిగ్గుపడి మూల కుర్చీలో కూర్చున్న బాబాయిని లేపగలిగేది ఇలాంటి పాటే.

సర్ నోస్‌ని ఇక్కడ మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలి. క్లింటన్ కథలో ముక్కువాడు డాన్స్‌కి శత్రువు. పదమూడేళ్ళ తర్వాత ఓక్లాండ్‌లో అదే ముక్కు పెట్టుకున్నవాడు జనాన్ని లేపి ఆడిస్తున్నాడు. ఈ ఆల్బంలోనే ‘రైమిన్ ఆన్ ద ఫంక్’ అనే పాట నేరుగా ‘ఫ్లాష్ లైట్’ మీద నడుస్తుంది. అభిమానులు తమ గురువు కథని తలకిందులు చేసి ఆయనకే దండం పెట్టడం అని నాకు అనిపిస్తుంది.

‘డూవచ్యాలైక్’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట. నీకేది చెయ్యాలనిపిస్తే అది చెయ్యి అనడం తప్ప అందులో విషయం లేదు. తినాలనిపిస్తే తిను, ఈతకొలనులో దూకాలనిపిస్తే దూకు. మధ్యలో పాట ఆగినట్టు ఆగి, ఎవరో ఏదో మాట్లాడి, పియానో మోగి, మళ్ళీ మొదలవుతుంది. పార్టీలో కొత్తవాళ్ళు వస్తూ, పాతవాళ్ళు ప్లేట్లు నింపుకుంటూ ఉండే వేళకి దీన్ని మించింది లేదు. ఎవరు ఎక్కడ విన్నా పాట మధ్యలోనే ఉన్నట్టుంటుంది.

ఇక పేరు సంగతి. ఆల్బం రెండో సగంలో ఒక కల్పిత కథ నడుస్తుంది. వ్యోమగాముల కోసం తయారైన ఒక మందు పొట్లం బజార్లోకి వచ్చిందట, అది వేసుకుంటే మనసులో కోరుకున్న అనుభవం కలిగినట్టు అనిపిస్తుందట. అమ్మేవాడు, కొనేవాడు, బేరాలు, ఆ గొడవంతా ఉంటుంది. సైన్స్ ఫిక్షన్‌ని వీధి బేరంలోకి దించిన ఆ ఊహ సరదాగానే ఉంటుంది, పెద్దవాళ్ళ వ్యవహారం. ‘ఫ్రీక్స్ ఆఫ్ ద ఇండస్ట్రీ’ అయితే పచ్చిగానే ఉంటుంది. అత్తమామలు ఇంట్లో ఉంటే దాని దగ్గర చెయ్యి రిమోట్ మీద ఉండాలి. ‘ద డేంజర్ జోన్’ మాదక ద్రవ్యాలు పేటల్ని ఏం చేశాయో చెప్పే బరువైన పాట. మంచిదే, కానీ నవ్వుతూ ఆడుతున్న గుంపు మధ్యలో పడితే గది చల్లబడిపోతుంది. అందుకని మొదటి మూడు పాటలు, తర్వాత ‘అండర్‌వాటర్ రైమ్స్’, తర్వాత నేరుగా ‘డూవచ్యాలైక్’. పార్టీకి ఈ వరస చాలు. మిగతాది ఇంకో రోజు ఒంటరిగా వినండి.

షాక్ జీ 2021 ఏప్రిల్‌లో పోయాడు. ఆయన చేసిన ఇంకో పని చెప్పుకోకపోతే అన్యాయం. ఈ బృందం సామాన్లు మోస్తూ, వెనక డాన్స్ చేస్తూ తిరిగిన ఒక కుర్రాడికి 1991లో ‘సేమ్ సాంగ్’ అనే పాటలో మైకు ఇచ్చారు. ఆ కుర్రాడు తర్వాత ర్యాప్‌లో పెద్ద పేరైన టుపాక్ షకూర్.

డి లా సోల్: ఇంటి హాల్లో వినే హాస్యం

పక్కనే పెట్టి చూడాల్సింది ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని అమిటీవిల్ అనే శివారు ఊరి నుంచి వచ్చిన ముగ్గురు స్కూలు స్నేహితులు, వాళ్ళతో ప్రిన్స్ పాల్ అనే నిర్మాత. అప్పటి ర్యాపర్లు బంగారు గొలుసులు వేసుకుని కండలు చూపిస్తుంటే వీళ్ళు పసుపు రంగు అట్ట మీద పూలు వేయించుకున్నారు. పాటలకి మధ్య ఒక టీవీ క్విజ్ నడుస్తుంది. ప్రశ్నలేమిటంటే, ఫలానా కంపెనీ కోడికి ఎన్ని ఈకలుంటాయి, బ్యాట్‌మాన్ కారు టైరు ఎన్నిసార్లు పంక్చరైంది. ఎవరికీ జవాబు రాదు. ర్యాప్ ఆల్బంలో ఇలాంటి స్కిట్లు పెట్టే అలవాటు ఈ ఆల్బంతోనే బాగా ముదిరింది. ఆ తర్వాత పదేళ్ళ పాటు ప్రతివాడూ పెట్టాడు, ఎక్కువమంది పెట్టకపోయినా బాగుండేది.

ఫంక్ ఇక్కడా ఉంది. ‘మీ మైసెల్ఫ్ అండ్ ఐ’ మొత్తం ఫంకడెలిక్ 1979 పాట మీద ఆడుతుంది. ‘పాట్‌హోల్స్ ఇన్ మై లాన్’లో వినబడే, గొంతు విరుస్తూ పాడే వింత యోడెలింగ్ కూడా పార్లమెంట్ వాళ్ళదే. కానీ వీళ్ళు అక్కడితో ఆగరు. ‘ఐ నో’లో ఒటిస్ రెడింగ్ ఈల, స్టీలీ డాన్ పాట ముక్క కలిసి వస్తాయి. పిల్లల టీవీ పాట కూడా వాడారు. దేని పక్కన ఏది పెట్టారన్నదే జోకు. పరీక్షలో ఇది సగం పాసవుతుంది. ఆ కలయికలకి నవ్వు వస్తుంది గానీ, వాళ్ళ మాటల్లోని సొంత సంకేత భాష న్యూయార్క్ వాళ్ళకే సరిగ్గా అర్థం కాలేదు, ఇక మనమెంత.

డాన్స్‌కి దీన్ని వాడాలని చూస్తే ఇబ్బందే. ఊపు అందుకునేలోపు స్కిట్ వచ్చి పడుతుంది. జనం ఆగి మొహాలు చూసుకుంటారు. ఇది వంట చేసుకుంటూ, ఉల్లిపాయలు తరుగుతూ, అతిథులు రాకముందు వినే ఆల్బం. లాంగ్ డ్రైవ్‌కి కూడా బాగా కుదురుతుంది. భాష మిగతావాటికంటే మర్యాదగానే ఉంటుంది, ఒక్క ‘డి లా ఆర్జీ’ అనే స్కిట్ తప్ప. నిమిషం పాటు మూలుగులే. కారులో పిల్లలుంటే దాన్ని ముందే ప్లేలిస్టు నుంచి తీసేయండి.

ఈ ఆల్బం చాలా ఏళ్ళు ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ దొరకలేదు. వాడుకున్న పాత పాటల హక్కులు, పాత కంపెనీతో వివాదం తేలక 2023 మార్చి 3 దాకా ఆగాల్సి వచ్చింది. బృందంలో ఒకడైన డేవిడ్ జోలికూర్, అంటే ట్రుగోయ్, ఆ రోజుకి దాదాపు మూడు వారాల ముందే చనిపోయాడు. యాప్‌లో దొరకట్లేదని ఎప్పుడో వదిలేసినవాళ్ళుంటే ఇప్పుడు వెతకండి, ఉంది.

ఇవి దాదాపు అన్నీ ఆ నాలుగేళ్ళలోనే ఎందుకొచ్చాయి?

1988కీ 1991కీ మధ్య ఈ తరహా ఆల్బంలు వరసగా రావడం యాదృచ్ఛికం కాదు. పాత పాటలోంచి ముక్క (శాంపిల్) తీసి మళ్ళీ వాయించే శాంప్లర్ యంత్రాలు కుర్రాళ్ళ చేతికి అందాయి. పాత రికార్డులోంచి ముక్క తీసుకుంటే డబ్బు కట్టాలా వద్దా అన్నది కోర్టుల్లో ఇంకా తేలలేదు. ఆ సందులో ఒక్క పాటలో పది పాటల ముక్కలు పెట్టేవాళ్ళు. 1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు తీర్పుతో ఆ సందు మూసుకుపోయింది. దెబ్బ తిన్నది ఎవరనుకున్నారు? ర్యాప్‌లో అందరికంటే అమాయకంగా నవ్వించే బిజ్ మార్కీ. గిల్బర్ట్ ఓ’సలివాన్ పాటలోంచి అనుమతి లేకుండా ముక్క వాడాడని ఆల్బం అమ్మకాలే ఆపించారు. రెండేళ్ళ తర్వాత తన కొత్త ఆల్బంకి ఆయన పెట్టిన పేరు ‘ఆల్ శాంపిల్స్ క్లియర్డ్’. దెబ్బ తిని కూడా జోకేశాడు.

ఆయనదే ‘జస్ట్ ఎ ఫ్రెండ్’. 1989 ఆల్బం ‘ద బిజ్ నెవర్ స్లీప్స్’లో ఉంది, హాట్ 100లో 9వ స్థానం దాకా వెళ్ళింది. పల్లవి ఆయనే పాడాడు, శ్రుతి ఎక్కడా కుదరదు. ఫ్రెడ్డీ స్కాట్ పాత పాట పల్లవిని పట్టుకుని గొంతు చించుకుంటాడు. ఆల్బం అంతా కొనమని చెప్పను, మిగతాది ఓ మోస్తరు. ఈ ఒక్క పాట మాత్రం ప్రతి పార్టీ ప్లేలిస్టులో ఉండాలి. శ్రుతి లేకుండా పాడిన పాటకి గొంతు కలపడానికి ఎవరికీ భయం ఉండదు. కరవోకే పెట్టుకునే ఇళ్ళలో బాలు గారి పాట ఎత్తుకుని మధ్యలో చతికిలపడే బదులు ఇది నయం.

మిగతా రెండూ

‘పాల్స్ బొటీక్’ని చాలామంది ఈ రకంలో శిఖరం అంటారు. కాదనను. డస్ట్ బ్రదర్స్ అనే లాస్ ఏంజెలెస్ జంట వందకి పైగా శాంపిళ్ళు పేర్చి కట్టిన సంగీతం అది. ‘షేక్ యువర్ రంప్’ ఒక్కదానిలోనే ఎన్ని డ్రమ్ సెట్లు మారతాయో. ‘ఎగ్ మ్యాన్’లో ‘సూపర్‌ఫ్లై’ బేస్ వస్తుంది, దాని మీద జనం మీద కోడిగుడ్లు విసిరే కథ. కానీ ముగ్గురూ ఒకరి వాక్యాన్ని ఒకరు పూర్తి చేస్తూ, కీచుగా, అరుస్తూ చెప్పే ఆ మాటల్లో న్యూయార్క్ వీధులు, పాత టీవీ షోలు, బేస్‌బాల్ ఆటగాళ్ళు కిక్కిరిసి ఉంటారు. ఆ సందర్భాలు తెలియని గదిలో అరుపే మిగులుతుంది. పాత పాటల్ని గుర్తుపట్టి మురిసిపోయే స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఉంటే, మంచి హెడ్‌ఫోన్లుంటే, ఇదే తీసుకోండి. పదిహేనుమంది ఉన్న హాల్లో వద్దు.

వాళ్ళ మొదటి ఆల్బం ‘లైసెన్స్‌డ్ టు ఇల్’ (1986) పార్టీ ఆల్బంగా ఇంకా పేరున్నది. బిల్‌బోర్డ్ 200 అనే ఆల్బంల జాబితాలో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బం కూడా అదే. కానీ అందులో ఉన్నది ఫంక్ కాదు, రాక్ గిటారు. ఆడవాళ్ళ మీద వేసిన జోకులు ఇప్పుడు వింటే మొహం చిట్లించుకునేలా ఉంటాయి. తర్వాతి కాలంలో వాళ్ళే ఒక పాటలో ఆ ధోరణికి క్షమాపణ చెప్పారు కాబట్టి మనం మొహమాటపడి సమర్థించాల్సిన అవసరం లేదు.

ఫార్‌సైడ్ వేరే రుచి. లాస్ ఏంజెలెస్ నుంచి నలుగురు కుర్రాళ్ళు, ర్యాప్‌లోకి రాకముందు వాళ్ళలో ముగ్గురు డాన్సర్లు. అదే ఊళ్ళో అప్పుడు తుపాకుల పాటలు రాజ్యమేలుతుంటే వీళ్ళు తమని తామే వెక్కిరించుకున్నారు. గొంతులు కార్టూన్ బొమ్మల గొంతుల్లా లేచి పడతాయి, అందుకే పరీక్షలో సులువుగా గట్టెక్కుతారు. ‘పాసిన్ మీ బై’లో నలుగురూ తలో ప్రేమ వైఫల్యం చెప్తారు, ఒకడికి స్కూల్ టీచరు మీద ప్రేమ. కింద క్విన్సీ జోన్స్ పాట నుంచి తీసుకున్న ఆర్గన్ మత్తుగా మోగుతుంది. రాత్రి పదకొండు దాటాక, సగం మంది వెళ్ళిపోయి మిగిలిన దగ్గరివాళ్ళు నేల మీద కూర్చున్నాక పెట్టాల్సిన పాట ఇది. ‘యా మామా’ మాత్రం చూసుకుని పెట్టండి. ఒకడి అమ్మ మీద ఒకడు జోకులేసుకోవడం అక్కడి వీధుల్లో పాత ఆట. మన దగ్గర అదే పని చేస్తే ఆట అక్కడితో అయిపోతుంది. బూతులు కూడా ఈ నాలుగింటిలో దీన్లోనే ఎక్కువ.

పిల్లలు, పెద్దలు, ఆఫీసు వాళ్ళు అందరూ కలిసిన పుట్టినరోజు లాంటిదైతే ఇవేవీ కాకుండా యంగ్ ఎం.సి. ‘స్టోన్ కోల్డ్ రైమిన్’ (1989) చూడండి. బూతు దాదాపు లేదు, మాట స్పష్టంగా పలుకుతాడు. లండన్‌లో పుట్టి న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగి, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఎకనామిక్స్ చదివినవాడు. ‘బస్ట్ ఎ మూవ్’లో బేస్ వాయించింది రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అనే రాక్ బ్యాండ్‌లోని ఫ్లీ. సిగ్గుపడే కుర్రాడికి అమ్మాయితో మాట్లాడమని ధైర్యం చెప్పే కథలు వరసగా వస్తాయి. దానికి గ్రామీ కూడా వచ్చింది. ఆల్బం మొత్తం ఆ స్థాయిలో ఉండదు, కొన్ని పాటలు బడి పద్యాల్లా సాగుతాయి. కానీ ఎవరి మొహమూ ఎర్రబడదు.

పెట్టే ముందు

ఏది ఎంచుకున్నా ఫోన్ స్పీకర్ మీద, ల్యాప్‌టాప్ మీద విని తీర్పు చెప్పకండి. ఈ పాటల్లో జోకు కింది స్వరాల్లో ఉంది. ఆ స్వరాలు చిన్న స్పీకర్లో అసలు పలకవు. హంప్టీ పాట ఫోన్‌లో వింటే ఒక ముక్కు గొంతు మనిషి ఏదో గొణుగుతున్నట్టుంటుంది, అంతే. సబ్‌ఊఫర్ ఉన్న మామూలు సౌండ్‌బార్ అయినా చాలు. అపార్ట్‌మెంట్ అయితే మాట గొంతుకంటే బేస్ ఎక్కువ దూరం పోతుందని గుర్తుంచుకోండి. ఇండియాలో చట్టం ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకం సాధారణంగా నిషేధం. ఆ టైముకి బేస్ ఒక్కటే తగ్గిస్తే కింది ఫ్లాట్ వాళ్ళకి నిద్ర, మీకు పాట, రెండూ దక్కుతాయి. హంప్టీని అందుకే తొమ్మిదిలోపు కానిచ్చేసి, ఫార్‌సైడ్‌ని చివరికి ఉంచడం మంచిది.

షఫుల్ ఆపేయండి. డి లా సోల్ స్కిట్ హ్యామర్ పాట పక్కన పడితే రెండూ చెడతాయి. యాప్‌లో పాట పక్కన ‘E’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే బూతులున్నట్టు. కొన్నింటికి శుభ్రం చేసిన వెర్షన్ కూడా ఉంటుంది గానీ, బీప్‌లతో కోసేసిన ఫార్‌సైడ్ వినడం కంటే పిల్లలు పడుకున్నాక అసలుది వినడమే హాయి. ‘హంప్టీ డాన్స్’ ఆల్బంలో ఆరు నిమిషాల పైన ఉంటుంది, రేడియో కోసం కుదించినది కూడా దొరుకుతుంది. పొడుగుదే తీసుకోండి. జనం కుర్చీల్లోంచి లేవడానికే మొదటి రెండు నిమిషాలు పడుతుంది.

డిజిటల్ అండర్‌గ్రౌండ్ నచ్చితే తర్వాత వెళ్ళాల్సింది వాళ్ళ 1991 ఆల్బం ‘సన్స్ ఆఫ్ ద పీ’కి. అందులో జార్జ్ క్లింటనే వచ్చి గొంతు కలిపాడు. ‘నో నోస్ జాబ్’ అనే పాటలో హంప్టీ తన ముక్కుని ఆపరేషన్‌తో చిన్నది చేయించుకోనని మొండికేస్తాడు. నల్లజాతి మొహాన్ని మార్చుకోమని ఒత్తిడి చేసే సినిమా, టీవీ లోకం మీద వేసిన చురక అది. పైకి మాత్రం అచ్చం పార్టీ పాటే. డి లా సోల్ నచ్చినవాళ్ళు 1991 నాటి ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ వినొచ్చు. అట్ట మీద పూలకుండీ పగిలి పడి ఉంటుంది, లోపల హాస్యం కూడా కాస్త చేదెక్కింది. పార్టీకి పనికిరాదు.

అసలు మూలం నుంచే మొదలుపెట్టాలనుకునే ఓపికగలవాళ్ళు ‘ఫ్లాష్ లైట్’ పూర్తిగా వినేసి, ఆపకుండా వెంటనే ‘రైమిన్ ఆన్ ద ఫంక్’ పెట్టండి. బెర్నీ వొరెల్ బేస్ రెండో పాటలో ఎక్కడ పట్టుబడుతుందో చెప్పమని పందెం కాయొచ్చు.